నేను ఖాళీ చేసిన నీళ్ల తొట్టి

1994వ సంవత్సరం మార్చి నెల రెండవ మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు, ప్రభువు మందిరంలోనే, నేను ఒక మనిషి కంటి మీదికి తెచ్చే పని చేశాను. సహోదరులారా, సహోదరీలారా, ఈ మాట చెప్పడానికే మీ ముందుకు వచ్చాను.

ముప్పై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పి, పిల్లల అబద్ధాలు పట్టుకుని పట్టుకుని, చివరికి ఎవరినీ నమ్మలేనిదాన్నయ్యాను. నా కోసం ప్రార్థన చేస్తామన్నవాళ్లను కూడా ఏం ఆశించి అంటున్నారో అని అనుమానించేదాన్ని. అది రోగమని తెలియక, తెలివి అనుకున్నాను!

భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న మా మందిరానికి ఆ సంవత్సరం నేలకు టైల్స్ వేయించాము. విశ్వాసులు ఇంటికి ఇన్నని తెచ్చి ప్రార్థించి అప్పగించినవి రెండు వందల నలభై. ప్రతిదాని వెనుక ఇచ్చిన ఇంటివారి పేరు పెన్సిలుతో రాయించాను, కాపలా నాదే. ఖమ్మం నుండి సత్యం అనే మేస్త్రీ కోత మిషనుతో వచ్చాడు. దాని బ్లేడు కింద నీళ్ల తొట్టి ఉంటుంది, బ్లేడు ఆ నీళ్లలో తడుస్తూ తిరుగుతుంది. కరెంటు దగ్గర ఇన్ని నీళ్లెందుకని ఉదయమే నిలదీశాను.

"నీళ్లు లేకుంటే బ్లేడు కాలుతది టీచరమ్మా, టైల్ పేలుతది. వైరు తడవకుండ పైకి కట్టిన, సూడు. నువ్వు జర కొంగు దోపుకో, బ్లేడు గుంజుకుంటది" అని, పెంకులు తగలకుండా పెట్టుకునే తన కళ్లద్దాలు తీసి నాకిచ్చాడు.

"మరి నీకో?"

"ఉన్నయి ఒక్కటే. దూరం పొమ్మంటే నువ్వు పోతవా ఏంది!"

అందరూ నవ్వారు. ఇంత మంచితనం ఎందుకు చూపిస్తున్నాడో అని నేను మాత్రం ఆలోచించాను.

అతను భోజనానికి వెళ్లగానే లెక్క పెట్టాను. వేసినవి యాభై ఎనిమిది, పెట్టెల్లో నూట డెబ్బై అయిదు, ఏడు తక్కువ! ఆ బురద నీళ్లలో ముక్కలు దాస్తున్నాడని తొట్టి అడుగు బిరడా పీకి నీళ్లన్నీ పారబోశాను. బురద తప్ప ఏమీ లేదు. అయినా అనుమానం తీరలేదు. బిరడా పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుని, అతను రాగానే ఆలస్యమైందని గద్దించాను. ఆ తొందరలో అతను తొట్టి చూడకుండానే మిషను వేశాడు. రెండో టైల్ కోస్తుండగా దుమ్ము లేచింది, స్విచ్చు వైపు చెయ్యి చాపాడు, అంతలోనే టైల్ పగిలి పెంకు అతని కుడికంటికి తగిలింది. ఆ కంటికి ఉండవలసిన అద్దాలు నా ముఖాన ఉన్నాయి.

జీపులో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే అతనే అన్నాడు, "నాదే తప్పు టీచరమ్మా, నీళ్లు సూసుకోలే." ఎవరూ నన్ను అనుమానించలేదు, నేను నోరు విప్పలేదు. తప్పు తనమీద ఎందుకు వేసుకుంటున్నాడో అని అప్పుడు కూడా అనుమానించాను, ప్రభువు నన్ను క్షమించును గాక! మరునాడు మళ్లీ లెక్కించాను. గోడ అంచుల వెంట కోసి వేసిన ముక్కలను నేను లెక్కలోకే తీసుకోలేదు. కలిపితే సరిగ్గా ఏడు.

ఆ లెక్క ముందు మోకరించి, "తండ్రీ, అందరిలో దొంగను వెదికాను, దొంగను నేనే, నా నోరు తెరువుము" అని ఏడ్చాను. ఆదివారం ఆరాధనలో, కంటికి కట్టుతో వెనుక బల్ల మీద కూర్చున్న సత్యం ఎదుట లేచి, నీళ్లు పారబోసింది నేనేనని చెప్పాను. అతను బల్ల పట్టుకుని లేచాడు.

"ఇయ్యాల్టి దాంక నేనే మర్శిన్ననుకుంటున్న టీచరమ్మా. పదకొండేండ్ల పని, ఎన్నడు మర్వలే. ఇగ మిషను ముట్టద్దనుకున్న. కోపం ఉన్నది, లేదనను. గానీ జెప్పినవ్, పానం తేలికైంది."

నా ప్రభువు ఆ ఉదయం నా లోపలి కట్లు తెంపాడు, ఆయన నామానికే స్తోత్రం! సత్యం తిరిగి వచ్చి పని ముగించినన్ని రోజులూ, ప్రతి కోతకు ముందు తొట్టి నింపి "నీళ్లున్నాయి" అని గట్టిగా చెప్పడం నా వంతు అయింది, ఆ మాట నమ్మి అతను మిషను వేశాడు. అనుమానంతో అలసిపోయినవారు మీలో ఎవరైనా ఉంటే, ఈ రోజే ఆయనను నమ్మండి, దాచినది చెప్పేయండి.

పోయినవి రాసిపెట్టాను. టైల్ ఒకటి. మేస్త్రీ పని లేక ఇంట్లో కూర్చున్న రోజులు నలభై మూడు. అతని కుడికంటి చూపులో సగం, అది తిరిగి రాలేదు.