మూడు వారాల నీళ్లు

నాకు ఓపిక తక్కువ. ఈ మాట మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది, నేనే ఒప్పుకోలేదు. పీహెచ్‌డీలో చేరాక ఒప్పుకోక తప్పలేదు.

నల్లగొండలో మా ల్యాబులో నా పని ఇది. అగ్గిపుల్లంత కార్బన్ ఎలక్ట్రోడ్ కొన మీద గ్రాఫీన్ ఆక్సైడ్ చుక్క వేసి ఆరబెట్టాలి. ఆ నల్లటి పొర మీద ఒక ఎంజైమ్‌ను అతికించాలి. మన నరాల్లో ఉండే ఎంజైమే అది. పత్తికి కొట్టే కొన్ని పురుగుమందులు తగిలితే పని మానేస్తుంది. ఆ మందు మింగిన మనిషి ప్రాణం మీదికి వచ్చేదీ అందుకే. మందు కలిసిన నీళ్లలో ఎలక్ట్రోడ్‌ను ముంచితే కంప్యూటర్ తెర మీద గీత పడిపోవాలి, మంచి నీళ్లలో నిలబడాలి. చెప్పుకోవడానికి ఇంతే.

తంటా అంతా అతికించడంలోనే ఉంది. అతికించే మందు ఎక్కువైతే ఎంజైమ్ చస్తుంది, తక్కువైతే ఎలక్ట్రోడ్ కడగగానే కొట్టుకుపోతుంది. పాలు మరీ వేడిగా ఉన్నా, చల్లారిపోయినా పెరుగు తోడుకోదు కదా. అమ్మ వేలు ముంచి చెప్పేస్తుంది. నాకు ఆ వేలు లేదు, గీత ఒక్కటే దిక్కు.

డిస్టిల్డ్ వాటర్‌తో అన్నీ బాగానే వచ్చాయి. "అవి ఎవరు తాగుతారు? జనం తాగే నీళ్లతో చేసి చూపించు," అన్నారు మా గైడ్ మేడమ్. నెలాఖరులోగా చూపించలేకపోతే ఈ పద్ధతి వదిలేసి మళ్లీ మొదటికి రావాలి. జనం తాగే నీళ్లంటే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మా ఊరు నార్కట్‌పల్లి దాటాక వస్తుంది. సోమవారం పొద్దున బస్సెక్కేటప్పుడు అమ్మ సీసా నింపి ఇచ్చింది.

ఆ నీళ్లలో గీత పడిపోయింది.

కొత్త ఎలక్ట్రోడ్ చేశాను. మళ్లీ పడిపోయింది. మరుసటి వారం ఇంటి నుంచి ఇంకో సీసా తెచ్చాను, అదే తంతు. ఫ్లోరైడ్ ఏమో అన్నాడు పక్క టేబుల్ స్కాలర్. మా ఊరికి ఇప్పుడు నల్లాల్లో శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు వస్తున్నాయి, ఆ సాకూ చెల్లలేదు. అతికించే మందు తగ్గించాను, పెంచాను, ఆరబెట్టే గంటలు మార్చాను. ల్యాబులో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఫ్రిజ్‌ను తిట్టాను, ఎంజైమ్‌ను తిట్టాను, గోళ్లు కొరికి కొరికి వేళ్లు నొప్పి పుట్టాయి.

ఆ ఆదివారం ఇంట్లో అమ్మ, "తల తిరుగుతాంది బిడ్డా, కండ్లు మసకమసకైతున్నయ్," అంది.

"ఎండల తిరుగకమ్మా," అన్నాను, నోట్‌బుక్‌లోంచి తల ఎత్తకుండానే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో సీసా కూడా అలాగే అయ్యాక మేడమ్ విసుక్కున్నారు. "ఎంజైమ్‌ను తిట్టడం ఆపి, నీళ్లు మార్చి చూడు." ల్యాబు బయట మేమంతా తాగే కూలర్ నీళ్లు పట్టి ఎలక్ట్రోడ్ ముంచాను. గీత నిలబడింది. అంటే తేడా మా ఇంటి నీళ్లలోనే ఉంది. ఆదివారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే ఊరి బస్సెక్కాను.

నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కనుక తాగే నీళ్లు నీలం డ్రమ్ములో పట్టి పెట్టుకుంటాం. అమ్మ నా సీసాలు నింపిందీ అందులోంచే. అప్పుడే వస్తున్న నల్లా దగ్గర ఒక సీసా, డ్రమ్ములోంచి ఒక సీసా నింపాను. నింపుతుంటే గుర్తొచ్చింది. పోయిన ఏడాది బాపు పత్తికి మందు కలిపింది ఆ డ్రమ్ములోనే. మా వైపు చిల్లు పడని డ్రమ్మును ఎవరూ పారేయరు, మేమూ ఈ మధ్యే దాన్ని కడిగి నీళ్లకు పెట్టుకున్నాం.

"సబ్బుతోని, బూడిదతోని నాలుగుసార్లు రుద్దిన. జర వాసన గూడ లేదు," అంది అమ్మ.

నాకు తెలుసు. ఆమె రుద్దుతుంటే నీళ్లు పోసింది నేనే. పురుగుమందుల మీద పీహెచ్‌డీ చేస్తున్న నేనే.

డ్రమ్ము నీళ్లు ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి వచ్చాను. మర్నాడు నల్లా నీళ్లలో గీత నిలబడింది, డ్రమ్ము నీళ్లలో పడిపోయింది. నా ఎంజైమ్ మొదటి రోజు నుంచీ చక్కగా అతుక్కునే ఉంది. ఆడలేక మద్దెల ఓడు అన్నది నేను. మేడమ్ సంతోషంగా వీపు తట్టారు, నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి బాపు డ్రమ్మును వాకిట్లోకి దొర్లించాడు. "ఊకె పారేస్తే ఇంకెవలన్న తీస్కపోయి నీళ్లు పోస్కుంటరు," అని గొడ్డలితో మూడు చోట్ల చిల్లులు పొడిచాడు.

అమ్మను దవాఖానలో చూపించి, రక్త పరీక్షలకు ఇచ్చి వచ్చాం. ఆ తల తిరగడం నీళ్ల వల్లో, ఎండ వల్లో డాక్టర్ కూడా తేల్చి చెప్పలేదు. నాకూ ఇప్పటికీ తెలియదు. వస్తుంటే దారిలో అడిగింది.

"గా మిషిన్‌కు గీ సంగతి ఎప్పటి సంది తెలుసు బిడ్డా?"

"మూడు వారాల సంది."

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"గట్లనా," అంది. "మరి అది చెప్తాంటె నువ్వెందుకు ఇనలే?"