ఆ రోజు బ్యాటరీ హాలియాలో ఉంది

దయ్యాల కథలంటే నాకు ఒళ్ళు మంట. భయం కాదు, మంట. నలభై ఏళ్ళు మోటార్లకు వైండింగ్ చేశాను, రేడియోలు విప్పి బిగించాను. ఏడో తరగతి దాటలేదు గానీ, కరెంటు లేనిదే తీగ పలకదని నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఈ సంగతి రాయడం నాకే ఇష్టం లేదు. ఊళ్ళో దీన్ని తమకు తోచినట్టు చెప్పుకుంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

మాది హాలియాకు ఇవతల ఒక పల్లె. ఊరి వెనక గుట్ట. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు దాని మీద కంకర క్వారీ పెట్టారు. రాయి పేల్చే ముందు సైరన్ కొట్టాలి, ఎర్రజెండా ఎత్తాలి. ఈ క్వారీకి రెండూ లేవు. అవతలి వాలులో గొర్రెలు మేపుతున్న సైదులుకు రాయి ఎగిరొచ్చి తగిలింది. దవాఖానకు చేరేలోపే పోయాడు. సైదులు నా చిన్ననాటి దోస్తు. క్వారీ వాళ్ళు అన్నదేమిటి? "గాడికి ఎవడు పొమ్మన్నడు?" ఆ వాలులో సైదులు తాత కూడా మేపాడు. క్వారీ మొన్న మొన్నటిది!

అర్జీలు పెట్టాను. తీసుకున్నారు, ఎవరూ కదల్లేదు. సైదులు కొడుకు యాదయ్యకు వేరే మేత లేదు, అదే వాలుకు పోతున్నాడు. గుట్ట వెనక సెల్‌ఫోన్ పలకదు.

అప్పుడు తట్టింది సీబీ రేడియో, టవరు లేకుండానే సెట్టు నుంచి సెట్టుకు మాట్లాడుకునేది. తక్కువ పవర్‌ది అయితే లైసెన్సు అక్కర్లేదని చదివాను. కొత్తవి కొనే తాహతు లేదు. జడ్చర్లలో పాత సామాను అమ్మే చోట, మూతపడ్డ ఏదో కంపెనీ సరుకులో రెండు సెట్లు దొరికాయి. ఒకటి బల్ల మీద పెట్టేది, ఒకటి చేతిలోది. రెండూ మూగవే. నెల రోజులు కూర్చుని పలికించాను. చేతిదానికి పెన్సిల్ సెల్లు, బల్లదానికి మోటారుసైకిల్ బ్యాటరీ. కాలిపోయిన మోటారులోంచి రాగి తీగ విప్పి, తొమ్మిది అడుగులకు కాస్త తక్కువగా రెండు ముక్కలు కోసి, మిద్దె మీద వెదురు గడకు కట్టాను. అదే ఏంటెనా. పెద్ద సెట్టును మిద్దె మీది రేకుల గదిలో పెట్టి తాళం వేసేవాణ్ని. చేతి సెట్టు యాదయ్యకు ఇచ్చాను.

మిద్దె మీంచి క్వారీ కనబడుతుంది. కూలీలు కిందికి దిగుతున్నారంటే పేలుడు దగ్గరపడ్డట్టే. "యాదీ, మర్లగొట్టు!" అని సెట్టులో అరిచేవాణ్ని, మందను మళ్ళించమని. రోజూ అదే కొలువు. జీతం లేని సైరన్‌ను నేను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మందను మళ్ళించడానికి ప్రతి కాపరికీ తనదైన అదిలింపు ఉంటుంది, నోటితో చేసే చప్పుడు. సైదులుది "ట్రుర్ర్" అని రెండుసార్లు, నడుమ బీడీ దగ్గు, చివర "హో". ముందు నడిచే ముసలి గొర్రె దానికే మళ్ళేది. యాదయ్య గొంతు చించుకున్నా వినేది కాదు, కర్ర అడ్డం పెట్టాల్సిందే. "గీ ముసల్దానికి ఇంకా మా నాయినే కావాల్నట, పెద్దనాయినా" అని మొత్తుకునేవాడు.

ఆ రోజు పెద్ద సెట్టు బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. పొద్దున్నే విప్పి సంచిలో వేసుకుని హాలియా బస్సెక్కాను. గుట్టకు పోవద్దని యాదయ్యకు చెప్పమని మా ఇంటామెతో అన్నాను. ఆమె వెళ్ళేసరికి మంద కదిలిపోయింది. తప్పు ఆమెది కాదు. నేనే పోయి చెప్పవలసింది. నా మీద నాకు ఆ కోపం ఇంకా చల్లారలేదు. మూడింటి దాకా బ్యాటరీ హాలియా దుకాణంలో ఛార్జింగులో ఉంది. నేను దాని పక్కనే స్టూలు మీద ఉన్నాను.

క్వారీలో పేలుడు ఒంటిగంటకు.

నేను ఇల్లు చేరేసరికి యాదయ్య మా అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"అచ్చం మా నాయిన లెక్కనే అదిలించినవ్ పెద్దనాయినా. దగ్గు గూడ దగ్గినవ్. గట్ల ఎప్పుడు నేర్చినవ్?"

సంచిలోంచి బ్యాటరీ తీసి అతని ముందు పెట్టాను. "మరి గిదేందిరా?"

బ్యాటరీని చూశాడు. మిద్దె వైపు చూశాడు. నవ్వు పోయింది.

అతను చెప్పింది ఇది. సెట్టు గొంగడి మడతలో ఉంది. గరగరమని ఆ అదిలింపు వచ్చింది. ముసలి గొర్రె తల ఎత్తింది, కర్ర అడ్డం పెట్టకుండానే మళ్ళి కిందికి నడిచింది. మంద దాని వెనక, అతను మంద వెనక. వాగు దాటేసరికి గుట్ట అదిరింది. మర్నాడు నేనే పోయి చూశాను. మంద మేసిన చోట బిందెలంత రాళ్ళు, అప్పుడే పగిలిన తెల్లటి ముఖాలతో.

అన్నీ చూశాను. రేకుల గది తాళంచెవి నా మొలతాడుకే ఉంది. చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా ఇలాంటి సెట్టు లేదు. ఈ రేడియోలో ఒక్కోసారి ఎక్కడెక్కడివో గొంతులు వస్తాయి, తెలియని భాషలు నేనూ విన్నాను. కానీ ఏ దేశం వాడికి తెలుసు సైదులు దగ్గు? యాదయ్య భ్రమపడ్డాడంటే ఒప్పుకుంటాను. గొర్రె కూడా భ్రమపడిందా?

ఊరివాళ్ళు సైదులు దేవుడయ్యాడని గుట్ట కింద రాయికి బొట్టు పెట్టారు. మొదటి కొబ్బరికాయ కొట్టింది క్వారీ మేనేజరు! "ఇంకేం ఫికర్ తాతా, మీ సైదులే చూసుకుంటుండు. సైరన్ ఎందుకు?" అని నవ్వాడు.

"వాడు సచ్చిందే నీ సైరన్ లేక. సచ్చినంక గూడ నీ కొలువు వాడే చెయ్యాల్నారా?" అన్నాను. నలుగురూ కలిసి నన్నే పక్కకు లాగారు.

ఇప్పుడు నా దగ్గర రెండు బ్యాటరీలు ఉన్నాయి. ఒకటి దిగితే ఒకటి. ఒకరోజు పరీక్షగా సెట్టులో సైదులులాగే అదిలించి చూశాను, దగ్గుతో సహా. ముసలి గొర్రె తల కూడా ఎత్తలేదట.

మరి ఆ రోజు పలికింది ఎవరు? నాకు తెలియదు. క్వారీకి సైరన్ ఇప్పటికీ లేదు.