పదమూడేళ్ల పిల్లకు చెప్పిన క్షమాపణ

మొన్న ఏదో పని మీద ఆబిడ్స్ వెళ్లి, ఒక కాగితం నకలు కోసం జిరాక్స్ దుకాణం ముందు నిలబడ్డాను. దుకాణదారు యంత్రంలోంచి తీసి చేతికిచ్చిన కాగితం ఇంకా వేడిగా ఉంది. ఆ వేడీ, ఆ కాస్త మాడిన వాసనా తగలగానే నాకు రూత్ మేడం గుర్తొచ్చారు. ఒకప్పుడు ఇదే వీధిలో మేమిద్దరం నిలబడి కట్టలకు కట్టలు ప్రశ్నపత్రాలు తీయించుకునేవాళ్లం. చలికాలం పొద్దుటిపూట ఆవిడ ఒక కట్టను మోకాళ్ల మీద పెట్టుకుని, "దవాఖానల గిట్ల కాపడం పెట్టమంటే పెట్టరు" అనేవారు. అది తలచుకుని నాలో నేనే నవ్వుకుంటుంటే దుకాణదారు నా వంక వింతగా చూశాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఏ మెట్లెక్కినా పైన ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ అరలు, అరకొక పరదా. బడి వదిలాక పిల్లలు అక్కడ కూర్చుని ముక్కూమొహం తెలియనివాళ్లతో ముచ్చట్లు పెట్టుకునేవాళ్లు. ఆ పిల్లలకు అక్కడ ఎలాంటి ప్రమాదాలు ఎదురవుతున్నాయో తెలుసుకోవడానికి కొన్ని దేశాల పరిశోధకులు కలిసి, అన్నిచోట్లా ఒకే ప్రశ్నలు అడిగే అధ్యయనం ఒకటి మొదలుపెట్టారు. మన ఊరి భాగం రూత్ మేడంది. మెదక్‌లో మిషన్ బడి పంతులమ్మగా చాలా ఏళ్లు చేసి, ఆ తరవాత పరిశోధనలోకి వచ్చిన మనిషి. నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఆఫీసు. రైలు వచ్చిందంటే ఆవిడ వాక్యం మధ్యలో ఆగిపోయి, అది వెళ్లాక సరిగ్గా అదే మాట దగ్గర అందుకునేవారు. ఎమ్మే చదివి ఖాళీగా ఉన్న నన్ను ఇంటింటికీ వెళ్లి పిల్లలతో మాట్లాడే పనిలో పెట్టుకున్నారు. "పిల్లలతోటి ముచ్చట పెడితే జీతమిస్తరా?" అని మా నాన్న చాలా రోజులు నమ్మలేదు.

మొదటి వారం నేను తెచ్చిన ఫారాలు చూసి మేడం మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఒక్క కొట్టివేత లేదు, గుండ్రని చేతిరాత. ఆవిడ ఒక్కొక్కటే తిరగేసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టారు.

"ఏంది పద్మా, అందరు పిల్లలు అన్నిటికి లేదు, లేదు అనే చెప్పిన్రు? గింత బుద్ధిమంతులుంటే మన ఆఫీసుకు తాళమేసుకుందాం. నువ్వు అడిగేటప్పుడు తల్లి ఎక్కడ కూసున్నది?"

"పక్కనే మేడం. మంచిగ కోపరేట్ చేసిన్రు. పిల్ల మర్చిపోతే వాళ్లే చెప్పిన్రు కూడా."

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి ఆవిడే నాతో రావడం మొదలుపెట్టారు. ఏ ఇంటికి వెళ్లినా తిన్నగా వంటింట్లోకి నడిచి, "ఏం వండిన్రమ్మా, జర నాకు గూడ నేర్పున్రి" అని తల్లిని పొయ్యి దగ్గరే ఆపేసేవారు. ముందు గదిలో నేను పిల్లతో మాట్లాడేదాన్ని. ఆవిడకు నిజానికి వంటంటే బొత్తిగా ఆసక్తి లేదు. ఎన్ని ఇళ్లలో పప్పుచారు నేర్చుకున్నారో లెక్కలేదు గానీ ఆఫీసుకు మాత్రం రోజూ పెరుగన్నమే తెచ్చుకునేవారు.

ప్రశ్నల్లో ఒకటి నాకిప్పటికీ గుర్తుంది. నీ సొంత గదిలో ఇంటర్నెట్ వాడతావా అని. "సొంత గదా! మన పిల్లలకు సొంత దిండు దొరికితే గొప్ప" అన్నారు మేడం. అని ఊరుకోలేదు. నువ్వు కూర్చున్నప్పుడు నీ తెర ఎవరికి కనిపిస్తుంది అని కూడా అడగాలని మిగతా దేశాల వాళ్లకు రాశారు. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ జవాబు వచ్చిన రోజు ఆవిడ మా అందరికీ మిర్చీబజ్జీలు తెప్పించారు.

ఇక స్వాతి సంగతి. అది ఆ అమ్మాయి అసలు పేరు కాదు, అసలు పేరు రాయను. పదమూడేళ్లది. వాళ్ల నాన్నకు ఆబిడ్స్‌లో గొడుగులూ సంచులూ అమ్మే దుకాణం, ఇల్లు ఆ పైఅంతస్తులోనే. ఆ పిల్ల కంప్యూటర్ క్లాసు అయ్యాక పక్కనున్న ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లేది. పదిహేనేళ్లవాణ్నని చెప్పుకున్న ఎవడో ఆమెతో చాలా రోజులు తియ్యగా మాట్లాడి, ఫోటో అడిగి, చివరికి నాంపల్లి స్టేషన్ దగ్గరికి ఒంటరిగా రమ్మన్నాడు. ఆమె వెళ్లలేదు. రాకపోతే మీ నాన్నకు అన్నీ చెప్పేస్తానని బెదిరిస్తున్నాడు. ఇదంతా పిల్ల నేల చూపులు చూస్తూ చెప్పింది. "అక్కా, నాన్నకు తెలిస్తే క్లాసు బంద్ చేపిస్తడు. ఎవరికి చెప్పరు గదా?" అంది. చెప్పనన్నాను. ఫారం మొదటి పేజీలో ఇంకో మాట ఉంది: పిల్లకు ఆపద ఉందనిపిస్తే పెద్దవాళ్లకు చెప్పక తప్పదు, కాని ముందు ఆ పిల్లకే ఆ సంగతి చెప్పి, ఎవరికి చెప్పాలో ఆమెనే అడగాలి. పిల్లలు జంకుతారని నేను ఆ ముక్క చదవడం మానేసి అప్పటికి చాలా రోజులైంది.

పని అయ్యాక మేడం మోకాళ్ల నొప్పితో ముందుగానే మెట్లు దిగడం మొదలుపెట్టారు. నేను చెప్పులు వేసుకుంటుంటే స్వాతి వాళ్లమ్మ కుంకుమ భరిణెతో వచ్చి, "ఆగమ్మా, బొట్టు పెట్టుకొని పో" అంది. నా నుదుటి మీద వేలు ఆనించి, మెల్లగా, "మా పిల్ల ఏం చెప్పింది? ఫికర్ జేసేదేం లేదు గదా?" అంది. మా అమ్మ అడిగినట్టే ఉంది. బొట్టు పెట్టిన మనిషికి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. మొత్తం చెప్పేశాను. చెప్పి, మంచి పని చేశానన్న తృప్తితో మెట్లు దిగాను.

ఆ సాయంత్రం ఫారం చదివిన మేడం మర్నాడే నన్ను మళ్లీ ఆ ఇంటికి బయల్దేరదీశారు. "ఎవరికి చెప్పాల్నో ఆ పిల్లను అడుగుదాం" అన్నారు. తల్లికి ముందే చెప్పేశానని నేను ఆవిడతో అనలేదు. తలుపు తీసిన తల్లి కళ్లు ఉబ్బి ఉన్నాయి. "క్లాసు మాన్పించినం మేడం. పరీక్షలు కాంగనే బడి గూడ మాన్పిస్తనంటున్నడు వాళ్ల నాన్న" అంది. లోపల స్వాతి నన్ను చూసి గోడ వైపు తిరిగి పడుకుంది.

మేడం నన్ను మెట్ల మీదికి తీసుకొచ్చారు. "తల్లికి చెప్పకపోతే ఎట్ల మేడం?" అన్నాను ఏడుపుగొంతుతో.

"చెప్పాలె. ఎవరొద్దన్నరు? ఆ పిల్లకు చెప్పి చెప్పాలె. ఇప్పుడు పోయి మాఫీ అడుగు. తల్లిని కాదు, పిల్లను."

చిన్నపిల్లను క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరూ చేయగా నేను చూడలేదు. వెళ్లి నేల మీద కూర్చున్నాను. "స్వాతీ, నువ్వు నమ్మి చెప్పినవ్. నేను నీకు చెప్పకుండనే మీ అమ్మకు చెప్పేసిన. తప్పు నాదే" అన్నాను. ఆమె గోడ వైపు నుంచే అంది: "నన్ను అడిగితే మా మేనత్తకు నేనే చెప్పుకునేదాన్ని. ఆమె నాన్నకు మంచిగ చెప్పేది." నేను అడిగి ఉంటే సరిపోయేది. అంత చిన్న పని.

"మరి మేనత్తను పిలుద్దమా?" అని మేడం అడిగారు. పిల్ల ఇటు తిరిగి తలూపింది. మధ్యాహ్నానికల్లా మేనత్త వచ్చింది. మేడం, మేనత్త, నేను ముగ్గురం కిందికి, దుకాణంలోకి వెళ్లాం. స్వాతి తండ్రి మర్యాదగా స్టూళ్లు వేయించాడు గానీ ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు.

"ఆడపిల్ల మేడం. గీ కంప్యూటర్లు మాకొద్దు" అన్నాడు.

"వాడు రమ్మన్నడు. మీ పిల్ల పోయిందా?"

"పోలే."

"గంత తెలివి చూపించిన పిల్లకు మీరు శిక్ష వేసిన్రు. మంచిది. రేపు ఇంకెవడన్న పిలుస్తడు. అప్పుడు మీకు చెప్తదా?"

ఆయన ఒక గొడుగు తెరిచాడు, మూశాడు. మేనత్త తను రోజూ క్లాసుకు తోడు వెళ్తానంది. ఆయన ఔనని నోటితో అనలేదు గానీ, మరుసటి వారం స్వాతి క్లాసుకు వెళ్లింది. బడి మాన్పించే మాటే మళ్లీ రాలేదు. మేనత్తా తండ్రీ కలిసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. ఆ బెదిరించినవాడెవడో చివరికి తెలియలేదు, వాడు మళ్లీ బెదిరించనూ లేదు. మేనత్త కూడా పక్కన కూర్చుని టైపింగు నేర్చుకుందని తెలిసి మేడం మురిసిపోయారు.

ఆ నెల మేడం మిగతా దేశాల వాళ్లకు ఈమెయిల్‌లో ఒక పెద్ద ఉత్తరం రాశారు. అందులో నా పేరు లేదు, నా తప్పు మాత్రం పూర్తిగా ఉంది. చదివి సిగ్గుతో చచ్చిపోయాను. రెండు రోజులకు దూరదేశం నుంచి ఒక జవాబు వచ్చింది. తమ దగ్గరా ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే ఒక అమ్మాయి ఇలాగే, గుమ్మం దగ్గర, తల్లి కళ్లు చూసి చెప్పేసిందట. మేడం ఆ కాగితం నా ముందు పెట్టి, "చూడు, ఆడ గూడ ఒక పద్మ ఉన్నది" అన్నారు. ఇకమీదట ఫారం మొదటి పేజీలోని ఆ ముక్కను పిల్లకు చదివి వినిపించి, ఏం అర్థమైందో పిల్ల చేతే చెప్పించాలని అన్ని దేశాల వాళ్లూ నియమం పెట్టుకున్నారు. మేడం నన్ను ఒక్కసారి కూడా దెప్పలేదు. నాకు ఆవిడంటే ప్రాణం.

రూత్ మేడం పోయి చాలా ఏళ్లయింది. పోయిన ఏడాది మా అమ్మాయి ఫోన్ తీసుకొచ్చి నా ముందు పెట్టింది. ఎవడో దాని ఫోటోను అసభ్యంగా మార్చి నలుగురికీ పంపుతానంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల నాన్న పక్క గదిలోనే ఉన్నాడు, ఒక్క కేక వేస్తే చాలు. నాలుక కొసదాకా వచ్చిన ఆ కేకను మింగి, "నాన్నకు చెప్పాలి. ఎట్ల చెప్దమంటవ్?" అని అడిగాను. అది కాసేపు గోరు కొరుక్కుంది. "నేనే చెప్తా. నువ్వు పక్కన కూసో, మధ్యల మాట్లాడకు" అంది. వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. అది చెప్పడం పూర్తయ్యేదాకా మాట్లాడలేదు.