అక్క వాళ్ల గుట్టకు వచ్చిన బోరు

అమ్రాబాద్ దిక్కున, ఎత్తు మీద ఉన్న ఊరికి మా అక్కనిచ్చారు. దాని దిగువనే ఉన్న ఊరికి నన్నిచ్చారు. రెండిళ్లలోనూ గొర్లే బతుకు. ఎండలు ముదిరితే రెండూళ్లకూ వాగు ఇసుకలో తవ్వుకున్న చెలిమె నీళ్లే గతి. అక్క నాకంటే బాగా బతుకుతోందని నేనెన్నడూ అనుకోలేదు, ఆ బోరు మిషన్ వచ్చేదాకా.

అరవయ్యో దశకం మొదట్లో బ్లాకు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, అమెరికా వాళ్లు సాయం చేస్తున్నారని, కరువు ఊళ్లకు బోర్లు వేస్తారని చెప్పాడు. మా ఊరే ముందన్నాడు. ఊరంతా సంబరపడ్డాం. తీరా లారీ వచ్చిననాడు మా బాట మీద దుమ్ము లేపుకుంటూ, ఆగకుండా పైకి వెళ్లిపోయింది. ఖాళీ బిందెతో నేను నిలబడి చూశాను.

మా బావ చేనులో బోరు పడింది, నీళ్లు పడ్డాయి. చేను వెనకున్న గుట్టను కూడా తొలిచి, రాతి ముక్కలు పెట్టెల్లో సర్దారు. ఊరి పిల్లలకు పాలపొడి పంచారు.

నేను చూడబోతే అక్క వాకిట్లో బిందెలు బిందెలు నీళ్లు చల్లుతోంది.

"తానం చేయి చెల్లె, నీళ్లు మస్తుగున్నయి" అంది.

ప్రేమగానే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. స్నానం చేయకుండానే గుట్ట దగ్గరికి పోయాను. అక్కడ బోరు మిషన్‌తో వచ్చిన తెల్లదొరకు మాటలు తర్జుమా చేసే కోస్తా ఆయన ఉన్నాడు.

"సారూ, మా ఊరికెప్పుడొస్తరు? మాది ఇంతకన్న కరువూరు."

"మీ వైపు రాయి వేరమ్మా. ఈ గుట్టలో ఏదో ఖనిజం జాడ ఉందట. విమానాలకీ ఆయుధాలకీ కావాలట. రష్యా వాళ్ల చేతిలో పడకముందే చూసుకోవాలని వీళ్ల ఆత్రం."

"మరి నీళ్లియ్యనీకి గాదా వచ్చింది?"

"నీళ్లూ ఇస్తారు. ముందు రాయి ఉన్నచోట."

మర్నాడు మా ఊరి వాగులో నల్లటి, బరువైన రాళ్లు ఏరి, కొంగున కట్టుకుని తీసుకెళ్లాను. దొర ఒకటి అరచేతిలో పెట్టుకుని చూశాడు. నవ్వి, పక్కన పెట్టేశాడు. అక్క ముందే జరిగిందది.

వానలకు ముందు వాళ్లు పెట్టెలతో వెళ్లిపోయారు. ఏం దొరికిందో మాకెవరూ చెప్పలేదు. తర్వాత సర్కారు మనుషులు గుట్ట చుట్టూ ముళ్లకంచె వేసి, మేతకు పోవద్దన్నారు. బావ సగం గొర్లు అమ్మేశాడు. అక్క మా ఇంటికొచ్చి ఏడ్చింది.

"గుట్ట పాయె చెల్లె. గొర్లను యాడ మేపాలె? మీ ఊరి రాళ్లల్ల ఏం లేకపాయె, బతికిపోయినవు."

వీపు నిమిరి చెంబుతో నీళ్లిచ్చాను. ఆమె పై తేట తాగి, అడుగున బురద వదిలేసింది. పోయేటప్పుడు గడపలో ఆగింది.

"రేపు బట్టలు తెచ్చుకో, మా బోరు కాడ ఉతుక్కుందువు."

సరేనన్నాను. ఆమె మలుపు తిరిగేదాకా నా కడుపు మండుతూనే ఉంది.