మా బండికి మించిన ట్రైలర్

మా ఆయన ట్రైలర్ కొన్న ఏడాది అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఆయనకి నలభై ఆరు. మేం రెజైనాకి వచ్చి అప్పటికి ఏడేళ్లయింది. అంతకుముందు తొమ్మిదేళ్లు డాలస్‌లో ఉన్నాం. అక్కడ గ్రీన్ కార్డు వరస కదలలేదు, చివరికి ఉద్యోగమూ పోయింది. అప్పుడు కెనడాకి అప్లై చేసి ఇలా వచ్చాం. ఆయనది ఐటీ. నాది ప్రభుత్వ కార్యాలయంలో జనం పంపే దరఖాస్తులు సరిచూసే పని. ఒక్క అంకె తేడా ఉన్నా వెనక్కి పంపాలి. ఇంట్లో కూడా నువ్వు అదే ఉద్యోగం చేస్తావు అని ఆయన నవ్వేవారు.

అద్దె అపార్ట్‌మెంట్లలో, వీసా కాగితాల మధ్య గడిచిన ఆ ఏళ్లన్నింటిలో ఆయన ఫోనులో చూసింది ట్రైలర్ల వీడియోలే. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. లోపల మంచాలు, పొయ్యి, బాత్రూమ్. "ఎక్కడ ఆపితే అక్కడ మన ఇల్లే. మోటల్ కంపు ఉండదు. పొద్దున్నే లేచి కొండలకెదురుగా కూర్చుని ఉప్మా తినొచ్చు" అనేవారు. సిటిజన్‌షిప్ వచ్చాక ఒక పాత పికప్ కొన్నారు. తర్వాత రెండేళ్లకి, ఒక మే నెలలో, ఊరికి గంట దూరంలో వయసు మళ్లిన రైతు దంపతులు తమ ట్రైలర్ అమ్ముతున్నారని తెలిసి మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లారు.

ఇరవై ఎనిమిది అడుగుల ట్రైలర్ అది. ఆ ఇంటావిడ లోపల ప్రతి అలమరా తుడిచి, కిటికీలకి ఉతికిన తెరలు కట్టి ఉంచింది. మా ఆయన ఒక్కో సొరుగూ లాగి చూస్తూ, పక్క మీద పడుకుని లేస్తూ, కుళాయి తిప్పుతూ తిరిగారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని అంత సంతోషంగా నేను చూడలేదు. ముసలాయన మాత్రం బయటే నిలబడి మా పికప్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఈ బండితోనా లాగేది?" అని అడిగాడు.

"అవునండీ. తొమ్మిది వేల పౌండ్లు లాగుతుందని కంపెనీ పుస్తకంలో ఉంది. మీ ట్రైలర్ సామానుతో కలిపి ఏడు వేలే కదా" అన్నారు మా ఆయన.

ముసలాయన "లాగడం లాగుతుంది. గాలి ఉన్న రోజు మాత్రం బయల్దేరకండి" అన్నాడు. ఈ ప్రెయిరీ మైదానాల్లో గాలి లేని రోజు ఎప్పుడు దొరుకుతుంది!

ఇంటికి వచ్చే దారిలో పికప్ వెనక భాగం కుంగిపోయి, ముందు భాగం పైకి లేచినట్టుంది. ఎదురుగా ఒక పెద్ద ధాన్యం లారీ దూసుకుపోగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగింది. దాంతోపాటే మా బండీ ఊగింది. ఆయన స్టీరింగ్ గట్టిగా పట్టుకుని వేగం తగ్గించారు. ఇల్లు చేరేదాకా మళ్లీ వేగం పెంచలేదు.

దిగగానే నేను డ్రైవరు తలుపు తీసి, దాని పక్కన అంటించిన పసుపు స్టిక్కర్ చదివాను. ఆ బండిలో ఎక్కే మనుషులూ, దాని మీద పడే బరువూ అన్నీ కలిపి 1,280 పౌండ్లు మించకూడదని ఉంది. ఆ వారమంతా ఆఫీసు నుంచి వచ్చాక అదే చదివాను. ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. ఎనిమిదో వంతు దాకా ముందున్న కొక్కెం మీద, అంటే మన బండి వెనక భాగం మీద పడుతుంది. ఏడు వేలలో ఎనిమిదో వంతంటే దాదాపు తొమ్మిది వందలు. కొక్కెం సరంజామా ఒక వంద. మేం ముగ్గురం కలిసి నాలుగు వందల యాభై. బండిలో ఇంకో చిన్న సంచీ కూడా పెట్టకుండానే పద్నాలుగు వందల యాభై అయింది.

కాగితం ఆయన ముందు పెట్టాను. "లాగడం వేరు, మోయడం వేరండీ. మన బండి లాగగలదు గానీ మోయలేదు."

"మీ నిజామాబాద్‌లో ట్రాక్టరు మీద ఎంత చెరకు వేస్తారో చూళ్లేదా?"

"చూసిన. బోల్తా పడ్డయి కూడా చూసిన."

కోపం వస్తే నా భాష మా ఊరికి పోతుంది. అమ్మాయి సోఫాలోంచి ఫోను చూస్తూ, "మామ్ ఈజ్ రైట్, డాడ్. ఐ లుక్డ్ ఇట్ అప్" అంది. ఆయన కూతురి వైపు ఒకసారి చూసి, "సరే, తూకం వేయిద్దాం. కాటా మీద తేలుతుంది కదా" అన్నారు.

జూలైలో బాంఫ్ కొండలకి వెళ్లాలనుకున్న ప్రయాణానికి సర్దినట్టే సర్దాం. నీళ్లు నింపాం. గిన్నెలు, కుక్కర్, బియ్యం, దుప్పట్లు పెట్టాం. ఊరవతల రైతులు ధాన్యం దించే ఎలివేటర్ అనే పెద్ద గిడ్డంగి దగ్గర లారీలు తూచే కాటా ఉంది. లారీల రద్దీ లేని శనివారం అక్కడి ఆపరేటర్ మమ్మల్ని రానిచ్చాడు. ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్ చక్రాలు విడివిడిగా తూచి, చిన్న చీటీ మీద రాసి కిటికీలోంచి అందించాడు. వెనక చక్రాల మీద ఉండాల్సినదానికంటే ఎక్కువ పడుతోంది. "మీ ఇష్టం. నేనైతే నా పిల్లల్ని ఈ బండిలో ఎక్కించను" అన్నాడు మర్యాదగానే. మా ఆయన చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నా లెక్క అక్షరాలా నిజమైంది. సంతోషం కలగలేదంటే అబద్ధమవుతుంది.

రెండు రోజులకి, అమ్మాయి స్విమ్మింగ్ క్లాసులో ఉండగా, ఆయన భోజనం దగ్గర మాట ఎత్తారు.

"ఒక మాట చెప్తా విను. ట్రైలర్ నేనొక్కణ్ణే లాగుతా. నువ్వూ అమ్మాయీ మన కార్లో వెనకే రండి. మీ ఇద్దరి బరువు తీసేస్తే పన్నెండు వందలే. స్టిక్కర్ మీద ఉన్నదానికి లోపే. నెమ్మదిగా పోదాం, గాలి ఉంటే ఆగిపోదాం."

మనసులోనే కూడి చూశాను. తప్పు లేదు. కానీ నేను ఊరి చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు దాటి ఎప్పుడూ కారు నడపలేదు. వచ్చిన మొదటి చలికాలంలో మంచు మీద కారు జారి గిర్రున తిరిగింది. అప్పటి నుంచి హైవే అంటే నాకు భయం.

"నా వల్ల కాదండీ. అయినా రెండు బండ్లలో విడివిడిగా పోయేదానికి ఫ్యామిలీ ట్రిప్ అనడం ఎందుకు?"

"ఇంకా నెల ఉంది కదా. రోజూ సాయంత్రం నేను నేర్పిస్తాగా."

"వద్దండీ. ఇది అమ్మేసి చిన్నది కొందాం. వచ్చే ఏడాది హాయిగా వెళ్దాం."

"వచ్చే ఏడాదా..." అని ఆయన లేచి కంచం సింకులో పెట్టారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అందులో భయం సగమే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేను చెప్పిందే నిజమని కాటా తేల్చింది. ఆ గెలుపు చేతికొచ్చిన రెండో రోజే, ఆయన నా అంకెలతోనే దారి కనిపెట్టి చూపించేసరికి నాకు నచ్చలేదు. ఆఫీసులో దరఖాస్తు వెనక్కి పంపినట్టు వెనక్కి పంపేశాను.

ఆ వేసవంతా ట్రైలర్ మా ఇంటి పక్కనే ఉండిపోయింది. ఆయన దాని కింద దిమ్మెలు పెట్టి సమంగా నిలబెట్టారు. సాయంత్రాలు అందులోకి వెళ్లి కూర్చునేవారు. ఒక ఆదివారం పొద్దున మమ్మల్ని పిలిచారు. లోపల చిన్న బల్ల మీద మూడు పళ్లాలు పెట్టి, ఆ బుల్లి పొయ్యి మీద తనే ఉప్మా చేశారు. కిటికీలోంచి చూస్తే పక్కింటి వాళ్ల చెక్క కంచె కనిపిస్తోంది. "ఇవే బాంఫ్ కొండలనుకోండి" అన్నారు నవ్వుతూ. అమ్మాయి ఫోను చూసుకుంటూ రెండు చెంచాలు తిని వెళ్లిపోయింది. నాకు ఇంట్లో బట్టలు మడతపెట్టే పని గుర్తొచ్చింది. ఆయన ఒక్కరే కూర్చుని మిగిలింది తిని, గిన్నెలు కడిగి వచ్చారు.

సెప్టెంబరులో ఒక జంట పెద్ద ట్రక్కు వేసుకుని వచ్చి ట్రైలర్ కొనుక్కున్నారు. ఆయనే దగ్గరుండి తగిలించారు. ఏ సొరుగు బిగుసుకుపోతుందో, నీళ్ల పంపు ఎలా ఆపాలో ఓపిగ్గా చెప్పారు. ఒక్కసారి కూడా కొండల దాకా తీసుకెళ్లని ట్రైలర్ గురించి ఆయనకి అన్నీ తెలుసు. అది మలుపు తిరిగేదాకా రోడ్డు మీద నిలబడి, లోపలికొచ్చి టీ అడిగారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసులో కుర్చీలోనే ఒరిగిపోయారు. నాకు ఫోను వచ్చి, నేను ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. గుండె అన్నారు. అంతకుముందు ఒక్క రోజు కూడా ఒంట్లో బాగా లేదని అనలేదు.

ఊళ్లోని తెలుగువాళ్లందరూ వచ్చారు. పదిహేను రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. ఒకరోజు అన్నం తెచ్చిన అంకుల్ ఒకాయన, నన్ను ఏదో మాటల్లో పెట్టాలని కాబోలు, "పోయిన వేసవిలో ట్రైలర్ ట్రిప్ గురించి ఎంత చెప్పేవాడమ్మా! బాగా తిరిగొచ్చారా?" అని అడిగారు. "లేదంకుల్, కుదర్లేదు" అన్నాను. లోపలికి వెళ్లి బాత్రూమ్ తలుపు వేసుకుని చాలాసేపు ఉండిపోయాను.

మంచు కరిగాక పికప్ అక్కడే నిలబడి ఉంది. అమ్మేయమని చాలామంది చెప్పారు. నేను ఒక డ్రైవింగ్ టీచర్‌ని మాట్లాడుకున్నాను. మొదటి రోజు హైవే ఎక్కే చోట ఏడ్చాను. ఆవిడ ఏమీ అడగకుండా ఒక టిష్యూ ఇచ్చి, "సరే, ఇప్పుడు ఎడమ సిగ్నల్ వేయండి" అంది. మూడు వారాల్లో ముప్పావుగంట దూరంలోని మూస్ జా వెళ్లి వచ్చాను. నాలుగో వారంలో గాలి బాగా వీస్తున్న రోజున రెండున్నర గంటల దూరంలోని స్విఫ్ట్ కరెంట్ దాకా వెళ్లాను. నేర్చుకోవడానికి నిజంగా ఒక నెల చాలు. అది తెలిశాక ఆ నేర్పు నాకు ఏమంత సుఖాన్నివ్వలేదు.

జూలైలో అమ్మాయినీ తీసుకుని అదే పికప్‌లో కొండలకి బయల్దేరాను. వెనక ఏమీ తగిలించలేదు. మొదటి రాత్రి మెడిసిన్ హ్యాట్ అనే ఊళ్లో ఆగాం. మర్నాడు కాల్గరీ దాటి, కొండలు దూరంగా నీలంగా కనిపించడం మొదలైనప్పుడు అమ్మాయి నా వైపు తిరిగి, "మామ్, యూ డ్రైవ్ ఫైన్" అంది. పాపం, మెచ్చుకోలుగానే అంది. నాకు ఆయన అడిగిన నెల గుర్తొచ్చింది.

సరస్సు ఒడ్డున ఒక బల్ల దగ్గర కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర విప్పాం. కాస్త దూరంలో వరసగా ట్రైలర్లు ఆగి ఉన్నాయి. అమ్మాయి వాటినే చూస్తూ, సగం ఇంగ్లీషు సగం తెలుగులో నెమ్మదిగా చెప్పింది. "ఆ రోజు నేను నీ సైడ్ తీసుకున్నా కదా అమ్మా. నాకు సమ్మర్‌లో ఫ్రెండ్స్‌తో ఉండాలని ఉండింది. అందుకే గూగుల్ చేసి చెప్పా. నాన్న ఫేస్ నాకు ఇంకా గుర్తుంది."

ఏడాదిగా ఈ పిల్ల ఇది మోస్తోందని నాకు తెలియదు. "నువ్వు చెప్పింది నిజమే తల్లీ. కాటా మీద తేలింది కదా. నీ తప్పేం లేదు" అన్నాను. అక్కడితో ఆపేయవచ్చు. కానీ అలా ఆపితే సగం తప్పు దానిదేనని అది జీవితమంతా అనుకుంటుంది. అందుకే ఆ రోజు భోజనం దగ్గర ఆయన అడిగిన సంగతి చెప్పాను. కార్లో వెనకే రమ్మన్నారని, నేర్పిస్తానన్నారని, లెక్క సరిపోయిందని, అయినా నేనే కాదన్నానని చెప్పాను.

అది చేతిలోని చెంచా కింద పెట్టింది. "సో వీ కుడ్ హావ్ గాన్" అంది. లేచి నీళ్ల అంచు దాకా నడిచి, నాకు వీపు చేసి నిలబడింది. నేను వెనకాల వెళ్లలేదు. చాలాసేపటికి తిరిగొచ్చి, మిగిలిన పులిహోర తినేసింది.

మర్నాడు ఇంటికి బయల్దేరాం. గంటల తరబడి తను కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. కాల్గరీ దాటి, మళ్లీ చదునైన పొలాలు మొదలయ్యాక, గాలికి బండి కొద్దిగా పక్కకి నెట్టుకుపోయింది. నేను సర్దుకున్నాను. తను నీళ్ల సీసా మూత తీసి నా వైపు చాపింది. రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా చెయ్యి చాచి అందుకున్నాను.