స్టీలు డబ్బాలో రౌటర్

మా బావ ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఆయన ఉన్నట్టుండి ఉలి పట్టడం మానేశాడని అక్క ఫోన్ చేస్తే, ఉండబట్టలేక నంద్యాలలో బస్సెక్కాను.

విగ్రహానికి కళ్లు చెక్కేముందు, చేయించుకునేవాళ్లకు ముఖం వీడియోలో చూపించడం ఈమధ్య అలవాటైంది. వరండాలో మాటలు బాగానే సాగుతాయి. బావ ఫోన్ పట్టుకుని వెనక షెడ్డులోకి వెళ్లి ముఖం చూపించబోతే అవతలివాళ్లు మాయం. రెండుసార్లు అలాగే అయింది. ముఖం నచ్చక పెట్టేశారనుకున్నాడు. మళ్లీ చేసి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

"నా చేతిలో పస పోయిందిలేమ్మా," అన్నాడు నాతో. అంతటి పనిమంతుడు ఆ మాట అంటే నా మనసు చివుక్కుమంది.

ఇంట్లో నెట్ పోయినప్పుడల్లా బాగుచేయడానికొచ్చినవాళ్లను విసిగించి నాలుగు ముక్కలు నేర్చుకున్నదాన్ని నేను. గోడ మీద మోడెం లైట్లు పచ్చగానే ఉన్నాయి. అంటే నెట్ ఇంటిదాకా వస్తోంది. మరి రౌటరేది? వైరు పట్టుకుని పోతే బల్ల మీది పెద్ద స్టీలు డబ్బాలో తేలింది. పైన మూత, మూత మీద బరువుకు ఓ రాతిముక్క.

"రాతిదుమ్ము పడి చెడిపోతాదని నేనే మూసిపెడితి. నెట్ ఇచ్చేది గోడమీదిదే గదా, ఇది ఉత్త తోడుదనుకుంటి," అంది అక్క.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆ ఇంట్లో బియ్యం నుంచి మందుబిళ్లల దాకా అన్నీ మూతల కిందే. గోడమీదిది బయటి నుంచి నెట్ తెస్తుంది, దాన్ని గదిగదికీ పంచేది ఇది, డబ్బాలో మూసేస్తే షెడ్డుదాకా ఎట్లా పోతుందని చెప్పాను. అక్క వెంటనే అందుకుంది.

"అంటే మీ బావ బియ్యం తెస్తే నేను వడ్డిచ్చినట్ల. నన్ను వంటింట్లో ఏసి గొళ్లెం పెడితే ఎవురు తింటారు?"

అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

రౌటర్ను షెడ్డు వైపు కిటికీ దగ్గర పెట్టాం. రోజూ దుమ్ము తుడిచే పని అక్క తీసుకుంది. చివరిసారి మాట్లాడిన పెద్దాయనకు నేనే వీడియో కాల్ చేసి, షెడ్డులో ఆయన చేయించుకుంటున్న అమ్మవారి ముఖం ముందు ఫోన్ పట్టుకున్నాను. బావ అటు తిరిగి నిలబడ్డాడు.

"ఆ పొద్దు ముఖం కనపడకముందే ఫోన్లో బొమ్మ ఆగిపాయ. మీరే చేస్తారని చూస్తాంటిమి," అన్నాడు పెద్దాయన. ఫోన్ను కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. తర్వాత, "అమ్మ నవ్వుతాంది," అన్నాడు.

బావ తిరగలేదు. "ఇంగా ఉండారా?" అని మెల్లగా నన్నడిగాడు.

"ఉండారు బావా. చూస్తాండారు."

ఉలి యాడుందన్నాడు. అక్క అప్పటికే ఇంకో డబ్బా మూత తీస్తోంది.