మెరిసే బోల్టునే తీయమన్న మేస్త్రీ

కబురు వచ్చినప్పుడు కొత్తగూడ చౌరస్తాలో పటాకులు పేలుతున్నాయి. ప్రత్యేక రాష్ట్రం ఇస్తున్నామని ఢిల్లీ నుంచి మాట వచ్చిన సాయంత్రం అది. గులాల్ చల్లుకుంటున్న జనం మధ్య నేనూ గంతులేస్తున్నాను. జేబులో ఫోను వణికింది. ఒక చెవి మూసుకుని విన్నాను. మేస్త్రీ కూతురు.

"నాన్నగారు పోయారండి. మధ్యాహ్నం. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే."

ఇంకేదో అంది, పటాకుల మోతలో వినపడలేదు. పక్కనున్నతను "ఏమైందే అన్నా?" అన్నాడు. "మా మేస్త్రీ" అన్నాను. అతను నా బుగ్గకు ఇంకాస్త రంగు పూసి ముందుకు వెళ్ళిపోయాడు.

ఈ క్రైస్తవ పత్రిక చదివే విశ్వాసులకు నేను మైకు ముందు అరిచి ప్రసంగించే మనిషిగానే తెలుసు. పగలు నేను వెల్డర్‌ను. నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగిలిందంతా పరిశుద్ధ గ్రంథంలోనే చదువుకున్నాను. అది ఇప్పటికీ నా సంచిలో, వెల్డింగ్ అద్దాల పక్కన ఉంటుంది. ఇనుమును చదవడం మాత్రం మేస్త్రీ నేర్పాడు. కొత్తగూడలో ఆయన షెడ్డు. గేట్లు, గ్రిల్స్, అపార్టుమెంట్ల మీది నీళ్ళ ట్యాంకుల స్టాండ్లు చేసేవాళ్ళం. ఆయనది కాకినాడ వైపు. వయసులో ఉన్నప్పుడు సముద్రం ఒడ్డున పడవలు బాగుచేసేవాడట. నాకు కూలి ఇచ్చేవాడైనా నన్ను "అయ్యగారూ" అనే పిలిచేవాడు. సగం గౌరవం, సగం వేళాకోళం. టీ వస్తే సాసర్లో పోసి నాకిచ్చి, తను గ్లాసులో మిగిలింది తాగేవాడు. నేను నడిపే ఆదివారం ప్రార్థనలో చివరి వరుసలో, చెప్పుల పక్కన కూర్చునేవాడు.

అంతకు రెండేళ్ళ ముందు, ఉద్యమం ముదిరిన రోజులు. బస్సులు లేవు, బడులు లేవు. అప్పుడే ఒక సాఫ్ట్‌వేర్ సారు తన తెరచాప పడవను ట్రాలీ మీద మా షెడ్డుకు తెచ్చాడు. ఊళ్ళో చెరువు మీద సరదాగా నడుపుకునే పడవ. దాని అడుగున సొరచేప రెక్కలా ఒక బరువైన ఇనుప దిమ్మ ఉంటుంది. గాలి ఎంత తోసినా పడవ బోల్తా పడకుండా పట్టుకునేది అదే. ఆ దిమ్మను పడవకు ఏడు పొడుగాటి బోల్టులు పట్టుకుని ఉంటాయి. ఆదివారం భార్యాపిల్లలతో నీళ్ళ మీదికి వెళ్ళాలని సారు తొందర.

అంతకుముందు రోజు సాయంత్రం నేను వీధిలో మైకు పెట్టి ప్రసంగించాను. ఐగుప్తు రాజు ఫరో గురించి, బానిసలకు గడ్డి ఇవ్వకుండా ఇటుకలు చేయించిన రాజ్యం గురించి చెప్పాను. అక్కడితో ఆగలేదు. బయటినుంచి వచ్చినవాళ్ళు మన గోడకు పట్టిన తుప్పు అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. చివర్లో, కిరాణా కొట్టు మెట్ల దగ్గర, మేస్త్రీ నిలబడి ఉన్నాడు.

తెల్లవారి నాకంటే ముందే షెడ్డు తెరిచాడు. "గొంతు బొంగురు పోయినట్టుంది, అయ్యగారూ. మిరియాల కషాయం తాగండి" అన్నాడు. అంతే.

పడవ లోపలికి దిగి చూశాం. ఏడు నట్టుల్లో రెండు ఎర్రగా, పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉన్నాయి. మిగతా ఐదూ శుభ్రం. "గీ రెండు మారిస్తే అయిపాయె మేస్త్రీ" అన్నాను. సారు కూడా అదే అన్నాడు.

మేస్త్రీ పాత తెల్ల బనీను ముక్కతో ఒక్కో నట్టు మొదలు తుడిచి, గుడ్డ మీద పడిన రంగును వెలుతురులో చూశాడు. చిన్న సుత్తితో ఒక్కో బోల్టునూ తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఎర్రబడ్డవి రెండూ ఖంగున పలికాయి. నాలుగోది, అన్నిటికంటే మెరుస్తున్నది, మూలిగినట్టు పలికింది. దాని మొదట్లో గుడ్డకు అంటింది ఎరుపు కాదు, నల్లటి తడి మరక.

"దీన్ని తీయాలండి."

"అది కొత్తదానిలా ఉంది కదా, మేస్త్రీ! ఆదివారానికి కావాలి నాకు."

"మీ పిల్లలకి ఈతొచ్చా, సార్?"

"పెద్దదానికి వచ్చు. చిన్నదానికి రాదు."

"అయితే తీస్తానండి."

దిమ్మ కింద చెక్కలు పేర్చి, కిరోసిన్ పోసి, పానా మీద ఇద్దరం వేలాడితే మధ్యాహ్నానికి కదిలింది. బోల్టును కిందికి కొట్టి బయటికి లాగాం. రెండు కొసలూ బొటనవేలంత లావు, మెరుస్తూ. నడుము దగ్గర, పడవా దిమ్మా కలిసే సందులో ఉండే చోట, పెన్సిలంత మిగిలింది. సారు చూసి పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

మేస్త్రీ దాన్ని నా చేతిలో పెట్టాడు. "గాలి తగిలే చోట తుప్పు ఎర్రగా అరుస్తదండి. దాన్ని చూసి భయపడక్కర్లేదు, గీకితే పోద్ది. గాలాడని సందులో చప్పుడు చేయకుండా తినేదే పడవని ముంచేది." నవ్వాడు. "నిన్న మీరూ అరిచారు కదా. నేను రాత్రి బానే నిద్రపోయానండి."

నన్ను క్షమించేశాడని పొంగిపోయాను. ఆ మాటలో సగమే విన్నానని అప్పుడు తెలియలేదు.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం జాగా యజమాని షెడ్డుకొచ్చాడు. మా ప్రార్థనకు వచ్చే మనిషే. "మేస్త్రీ, తప్పు పట్టకు. ఆంధ్రాయనకు జాగా ఎందుకిచ్చినవ్ అని పోరగాళ్ళు రోజూ అడుగుతున్రు. మస్తు పరేషాన్ అయితుంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు దేవుని మాట చెప్పేటోనివి. నువ్వే చెప్పు. ఉండుమందామా, పొమ్మందామా? నువ్వెట్లంటే గట్లనే."

నిజంగానే అడిగాడు. ఉండమను అని నేనంటే ఉండనిచ్చేవాడు. మేస్త్రీ నా వైపు చూడకుండా సుత్తి తుడుచుకుంటున్నాడు. నా భుజానికి సంచి, సంచిలో గ్రంథం. ఫరోను తిట్టిన ఆ పుటల తర్వాత కొద్ది దూరంలోనే, మీ మధ్య బతికే పరదేశిని బాధపెట్టవద్దన్న ఆజ్ఞ కూడా ఉంది. నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు నోరు తెరిస్తే రేపు నా మైకు ముందు ఎవడుంటాడు అనుకున్నాను. నేల చూశాను. కోడి కూయకముందు యేసును ఎరగనని మూడుసార్లు అన్న శిష్యుడు కనీసం నోరు తెరిచాడు. నేను అదీ చేయలేదు.

"సరే, ఇగ" అని యజమాని వెళ్ళిపోయాడు.

మూడో రోజున సామానంతా బాచుపల్లికి వెళ్ళే ఆటో ట్రాలీలోకి ఎక్కింది. మేస్త్రీ నా దగ్గరికి వచ్చి, వంచిన వేలితో నా రొమ్ము మీద ఒక్కసారి తట్టాడు. బోల్టును తట్టినప్పటిలాగే తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

రాష్ట్రం కావాలన్నది తప్పని ఇవాళ కూడా అనను. ఆ కోపం ఎండలో ఉన్నదే, అందరూ చూసిందే. నన్ను తిన్నది ఆ మధ్యాహ్నపు మౌనం. బాచుపల్లి మీదుగా ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో! ఒకసారి ప్రగతి నగర్ చెరువు కట్ట మీద ఆయన ఒక్కడే కూర్చుని నీళ్ళ వైపు చూస్తూ కనిపించాడు. దిగుదామని లేచాను. బస్సు కదిలింది. మళ్ళీ కూర్చున్నాను. తర్వాతి స్టాపులోనైనా దిగొచ్చు, దిగలేదు.

మర్నాడు సమాధుల తోట దగ్గర ఆయన కూతురు నా బుగ్గ వైపు చూసింది. రాత్రి ఎంత కడిగినా రంగు పూర్తిగా పోలేదు.

"మీ గురించి అడుగుతుండేవారండి. 'అయ్యగారు ఇంకా అరుస్తున్నారా' అని. ఆ వైపు నుంచి వచ్చిన ఎవరినైనా అదే అడిగేవారు. అరుస్తున్నారంటే, 'అయితే పర్లేదు' అనేవారు."

నాలుగు మాటలు చెప్పమన్నారు. పరదేశి వాక్యం తీశాను. చదివాక, షెడ్డులో ఆ రోజు నన్ను ఏమడిగారో, నేనేమి చెప్పలేదో చెప్పాను. మైకు లేదు. నా గొంతు రెండో వరుస దాకా కూడా పోలేదు. ఆయన కూతురు మాత్రం విన్నది. విని, తండ్రి వైపు తిరిగింది.

తర్వాత పెట్టె మూశారు. మేకులు కొత్తవి, ఎండకు మెరుస్తున్నాయి. ఒక్కొక్కటే దిగుతుంటే నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఒకటి ఖంగున దిగింది. రెండోది కూడా. మూడోది. నాలుగోది మూలిగింది. కళ్ళు తెరిచి చుట్టూ చూశాను. అందరూ తలలు వంచుకునే ఉన్నారు. ఆ చప్పుడు తేడా తెలిసిన రెండోవాడు పెట్టెలో ఉన్నాడు.